తొంభై దాటని సంచి

పోయిన నెల ఒక మధ్యాహ్నం పార్వతీపురం నుంచి రూతమ్మ ఫోన్ చేసి, "గార్డు గారు పోయారు" అంది. ఎప్పుడని అడిగాను. "మొన్న మంగళవారం. కొత్తవలసలోనే, నిద్దట్లో. ఇంకో పుస్తకం తెచ్చుకోడానికి టైము దొరకనట్టుంది" అంది. ఇద్దరం నవ్వేశాం. చావు కబురు చెప్పుకుంటూ నవ్వినందుకు నాకేం సిగ్గు వెయ్యలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

ఆయన పేరు రాయను. బస్తర్‌లో మేం పనిచేసిన గని ఊరు కిరండూల్‌లో జీతాల గుమాస్తా తప్ప ఆ పేరుతో పిలిచినవాడు లేడు. కొండ మీద నుంచి దిగిన ఇనప రాయిని విశాఖపట్నం వైపు మోసుకుపోయే గూడ్సు బళ్లకి ఆయన గార్డు. అందుకని అందరికీ గార్డు గారే. మనిషి పొడుగు, సన్నం. రైల్వే వాళ్లిచ్చిన తెల్ల యూనిఫారం బైలాడిల్లా కొండ ఎర్ర దుమ్ముకి గులాబీ రంగుకి తిరిగిపోతే, ఎన్ని ఉతుకులు ఉతికినా అది మళ్లీ తెలుపుకి రాలేదు. గార్డులందరికీ ఆ రంగే ఇస్తారని నేను మొదటి ఏడాదంతా అనుకున్నాను.

చేతికి రెండు వాచీలు పెట్టుకునేవాడు. ఎడమ చేతిది సర్కారు టైము. కుడి చేతిది ఆట టైము. ఆదివారం మూడింటికి ఆట మొదలుపెట్టేటప్పుడు కుడి చేతి వాచీకి కీ ఇచ్చేవాడు. ఆరున్నరకి ఆపేటప్పుడు మర లాగేసి దాన్ని ఆపేసేవాడు. వారమంతా డ్యూటీలో కూడా అది అలా చచ్చిపడి ఆయన చేతికి ఉండేది. ఎవరైనా టైము అడిగితే, "ఏ టైము?" అని నిజంగానే అడిగేవాడు.

ఆ ఆట ఏమిటో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాదంతా పిచ్చివాళ్ల సంతలా కనిపిస్తుంది. బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మీ ఎదురుగా గుహ ఉంది, లోపల ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు అంటారు. మిగతా ముగ్గురూ తలా ఒక మనిషిని కల్పించుకుని ఉంటారు. ఆ మనిషి ఏం చేస్తాడో చెప్తారు. చేద్దామనుకున్నది జరుగుతుందా లేదా అన్నది ఒక అంకె తేలుస్తుంది. ఏ అంకెకి ఏం జరగాలో రాసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంటుంది. గెలవడాలూ ఓడడాలూ లేవు. బతికుంటే వచ్చే ఆదివారం మళ్లీ ఆడొచ్చు. టౌన్‌షిప్‌లో హిందీవాళ్లు దీన్ని 'గుఫా వాలా ఖేల్' అనేవారు, అదీ జాలిగా.

మొదటి పుస్తకం ఆయనకి విశాఖపట్నంలో హార్బరు దగ్గర పాత పుస్తకాల బండి మీద దొరికింది. ఏ ఓడవాడు అమ్ముకుపోయాడో. ఎర్ర అట్ట. మధ్యలో ఒక కట్ట పేజీలు లేవు. ఇంకొకడైతే దాన్ని పొట్లాలకి ఇచ్చేసేవాడు. ఈయన మాత్రం, పోయిన పేజీలు దేని గురించో ఊహించి, ఆ ఖాళీలని రైల్వే రూల్సుతో నింపేశాడు. అందువల్ల మా గుహల్లోకి లైన్ క్లియర్, అంటే ముందు దారి ఖాళీ అన్న అనుమతి, లేకుండా ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మా రాక్షసులు ఎర్ర జెండా చూస్తే ఆగేవారు. అన్నిటికంటే ముఖ్యమైనది తోక దీపం. బండి ఆఖరి పెట్టెకి ఎర్ర దీపం ఉంటుంది. స్టేషన్‌వాళ్లు ఆ దీపం కళ్లారా చూస్తేనే బండి మొత్తం వచ్చినట్టు లెక్క, అప్పుడే వెనక బండిని వదులుతారు. అలాగే మా సొరంగాల్లో కూడా ఆఖరున నడిచే మనిషి చేతిలో ఎర్ర దీపం ఉండాలి. ఆ దీపం బయటికి వచ్చేదాకా మిగతావాళ్లు ఒక్క అడుగు ముందుకి వెయ్యడానికి వీల్లేదు. ప్రపంచంలో ఈ ఆట ఆడేవాళ్లందరూ ఇలాగే ఆడతారని మేం నమ్మాం. చాలా ఏళ్ల తర్వాత రాయపూర్‌లో ఈ ఆట ఆడే ఒక కుర్రాడి దగ్గర తోక దీపం మాట ఎత్తితే, వాడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అంకెల సంగతి ఇంకా బాగుంటుంది. ఇరవై ముఖాల పాచిక కావాలని పుస్తకంలో ఉంది. కిరండూల్ బజారులో ఆరు ముఖాలదే దొరకదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శనివారాలు ఆడవాళ్లూ పిల్లలూ హౌసీ ఆడేవారు, పిలిచిన అంకెని చీట్లో కొట్టేసే ఆట. ఆకుపచ్చ గుడ్డ సంచి, అందులో ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు వేసిన చెక్క బిళ్లలు. గార్డు గారు సెక్రెటరీని బతిమాలి ఆదివారానికి అక్కడే ఒక బల్లనీ ఆ సంచినీ అద్దె లేకుండా సంపాదించాడు. సంచిలో చెయ్యి పెట్టే అధికారం ఆయన ఒక్కడిదే. చెయ్యి పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకుని, బిళ్ల తీసి మా ముందు పెట్టేవాడు. ఆ పుస్తకం రోజుల్లో ఇరవై దాటిన బిళ్ల వస్తే లెక్కలోకి రాదు, ఇంకోటి తీసేవాడు.

మేం ముగ్గురం. రూతమ్మ గని ఆసుపత్రిలో నర్సు. ఆవిడ కల్పించుకున్న మనిషి చిలకమ్మ అనే దొంగ. వారమంతా ఇంజెక్షన్లు పొడిచి ప్రార్థన కూటాలకి వెళ్లే మనిషి, ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చి రాజుల ఖజానాలు కొల్లగొట్టేది. ఎర్రబోరు అనే ఊరి నుంచి వచ్చిన ముత్తయ్య గనిలో డంపరు నడిపేవాడు. ఆయన మనిషి వేటగాడు. వేటగాడి కంటే వేటగాడి పందెం కోడి ముఖ్యం. దాని పేరు రాజా. నేను గూడ్సు ఆఫీసులో చిన్న గుమాస్తాని. ఒకే ఒక్క మంత్రం వచ్చిన మంత్రగాణ్ణి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈయనకి ఉన్న జబ్బల్లా పుస్తకాలు మార్చడం. రెస్టు దొరికితే పాసు మీద విశాఖపట్నం వెళ్లేవాడు, కొత్తవలసలో భార్యనీ కూతుర్నీ చూసి, తిరిగొచ్చేటప్పుడు చంకలో కొత్త పుస్తకంతో దిగేవాడు. దిగీ దిగగానే ఒకటే మాట.

"పాతది మరి మర్సిపోండి బావూ. ఇన్నాళ్లూ మనం ఆడింది గోలీలాట. ఇదీ అసలు ఆట."

ఎర్ర పుస్తకంలో మెట్లు ఉండేవి. మనిషి పని చేసిన కొద్దీ ఒక్కో మెట్టు ఎక్కుతాడు. ఏడాదిన్నర కష్టపడి ముత్తయ్య అయిదో మెట్టుకి వచ్చాడు. ఆకుపచ్చ పుస్తకంలో మెట్లే లేవు. గాయాలు ఉన్నాయి, అలసట ఉంది, ఆఖరికి చెప్పుల అరుగుదలకి కూడా రూలుంది. కోళ్లకి మాత్రం లేదు.

"ఏంది గార్డు సారు, నా అయిదు మెట్లు ఏమైనయ్?" అన్నాడు ముత్తయ్య.

"అవి ఇందులో ఉండవు."

"ఉండకపోతే యాడికి పోయినయ్? ఫారం నింపినం, మంజూరైంది, ఇప్పుడు రద్దంటే ఎట్ల?"

"మెట్లు పోనాయి గానీ నీకు ఓర్పు వచ్చింది సూడు. ఎనిమిది ఓర్పు."

"ఓర్పు నాకెందుకు? నా కోడి సంగతి చెప్పు."

కోడి సంగతి ఆ పూట తేలలేదు. కోడిని ఆయుధం కింద రాయాలని నేను, బంటు కింద రాయాలని ముత్తయ్య, సామాను కింద రాయాలని గార్డు గారు. సామాను అనేసరికి ముత్తయ్య లేచి వెళ్లిపోయాడు. బయట బీడీ కాల్చి తిరిగొచ్చి, "సామాను కూత పెడతదా?" అని అడిగాడు. దానికి ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. గార్డులు ప్రతి బండికీ ఒక జర్నల్ రాస్తారు, ఏ స్టేషన్‌కి ఎప్పుడు వచ్చింది, ఎందుకు ఆగింది అని. ఆయన మా ఆటకి కూడా అదే పద్ధతిలో ఒక నోటుబుక్కు రాసేవాడు. ఆ ఆదివారం పేజీలో, 'గుహ ముఖద్వారం దగ్గర గంటన్నర ఆలస్యం. కారణం: కోడి' అని ఉంది.

నీలం పుస్తకం రెండు నెలలే నడిచింది. అందులో అంకెలు తక్కువ, కబుర్లు ఎక్కువ. తర్వాత నల్ల పుస్తకం వచ్చింది. అందులో అన్నీ వందకి ఇంత అని. తాళం తియ్యడంలో చిలకమ్మకి అరవై ఉందనుకోండి, అరవై లోపు బిళ్ల వస్తే తాళం ఊడుతుంది. పుస్తకం మారినప్పుడల్లా మా మనుషుల్ని కొత్త రూల్సులోకి దింపాలి. దింపేటప్పుడల్లా ఏదో ఒకటి ఊడేది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక పోయినట్టు, నల్ల పుస్తకంలోకి దిగేసరికి నా మంత్రగాడికి ఉన్న ఒక్క మంత్రమూ పోయి, బదులు ఈత వచ్చింది. బస్తర్ అడవిలో ఈత దేనికని నేను నాలుగు వారాలు పోట్లాడాను. ఆయన ఓపిగ్గా విని, "శంఖినీ నదిలో నీళ్లుంటాయి బావూ" అన్నాడు. ఇనప మన్నుతో ఎర్రగా పారే ఆ నదిలో గేదెలే దిగవు.

ఎందుకు మారుస్తున్నారని ఎవరమూ గట్టిగా అడగలేదు. మోజు అనుకున్నాం. కొంతమందికి బూట్ల పిచ్చి ఉంటుంది, ఈయనకి ఇది. అసలు సంగతి రూతమ్మ కనిపెట్టింది.

ఆ ఆదివారం మేం ఒక పొడుగాటి సొరంగం దాటుతున్నాం. ముందు వేటగాడు, కోడి, మధ్యలో నా ఈతగాడు, ఆఖరున ఎర్ర దీపం పట్టుకుని చిలకమ్మ. మేం ఇద్దరం బయటికి వచ్చేశాం. అప్పుడు సొరంగం పైకప్పు కూలింది. తప్పుకోవడానికి రూతమ్మకి నలభై ఉంటే, బిళ్ల డెబ్భై రెండు వచ్చింది. చిలకమ్మ రాళ్ల కింద పడిపోయింది. గార్డు గారు ఏ మాత్రం కంగారు పడకుండా పుస్తకం తిప్పి, "ఇంకొక్క బిళ్ల తియ్యాల. తొంభై లోపు వస్తే దెబ్బల్తో బయటపడిపోతాది" అని చదివి, సంచిలో చెయ్యి పెట్టబోయాడు.

"తొంభై దాటితే?" అంది రూతమ్మ.

"దాటదులే అమ్మా."

"ఎందుకు దాటుతుంది బాబాయి గారూ, సంచిలో ఉన్నవే తొంభై కదా."

ఆవిడ ఆ వారం ఆ పుస్తకాన్ని ఆయన దగ్గర అడిగి పుచ్చుకుని, డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడల్లా మొదటి నుంచి చివరి దాకా చదివిందట. మేమెవరం చదవలేదు, ఆయన చెప్పిందే వేదం మాకు. తొంభై దాటిన అంకె వస్తే ఎంతటి మొనగాడికైనా ఘోరం జరిగి తీరాలని పుస్తకంలో ఉంది. ఆ పైన ఉన్న పదిలోనే చావంతా ఉంది. ఆ పదీ మా సంచిలో లేవు. పది నెలలుగా మేం చావు లేని లోకంలో వీరుల్లా తిరుగుతున్నాం.

రూతమ్మ చేతిసంచి తెరిచి పది అట్టముక్కలు బల్ల మీద పోసింది. మందుల పెట్టె అట్టని బిళ్లల సైజుకి గుండ్రంగా కత్తిరించి, తొంభై ఒకటి నుంచి వంద దాకా అంకెలు వేసి తెచ్చింది. "ఇవి కూడా వేసి తియ్యండి" అంది.

ఆయన ఆ ముక్కల్ని చూశాడు. తర్వాత కుడి చేతి వాచీ చూశాడు. ఇంకా అయిదు కూడా కాలేదు. మర లాగి వాచీ ఆపేశాడు. "ఈ వారానికి ఇక్కడితో ఆపీద్దారి" అని లేచి, పుస్తకం, సంచి తీసుకుని వెళ్లిపోయాడు. అట్టముక్కలు బల్ల మీదే ఉన్నాయి.

తిరిగి వస్తూ దారిలో రూతమ్మ మాకు లెక్క చెప్పింది. రాజాని తోడేలు నోట కరుచుకున్న ఆదివారం తర్వాత ఆకుపచ్చ పుస్తకం వచ్చింది. ముత్తయ్య వేటగాడికి విషబాణం తగిలిన వారమే నీలం పుస్తకం వచ్చింది. నా మంత్రగాడు కొండ అంచు పట్టుకుని వేలాడుతుండగా ఆట ఆగితే, బుధవారానికల్లా నల్ల పుస్తకం దిగింది. మనలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా ఈయన విశాఖపట్నం వెళ్లి, ఆ మనిషి చావని పుస్తకం ఒకటి వెతికి తెస్తున్నాడు.

ముత్తయ్య నడుస్తున్నవాడల్లా ఆగిపోయి, "అంటే నా కోడి పందెంల గెల్వలేదా దీదీ?" అన్నాడు. పాపం, ఆ కోడి పందేల గురించి గనిలో అందరికీ చెప్పుకున్నాడు.

బుధవారం పొద్దున్న పాసింజరుకి గార్డు గారు పాసు పట్టుకుని స్టేషన్‌కి వచ్చాడు. నా ఆఫీసు అక్కడే. రూతమ్మ డ్యూటీ దిగి, తెల్ల చీరతోనే తిన్నగా ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. ఇద్దరి మధ్యా నేను ఉన్నానన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

"పుస్తకం కోసమేనా?" అంది.

ఆయన అబద్ధం చెప్పలేడు. చెప్పడం చేతకాక కాదు, ఆవిడ దగ్గర ఆయనకి నోరు రాదు. పట్టాల వైపు చూస్తూ అన్నాడు.

"సిస్టరమ్మా, నాను బండికి ఎనకాల కూకునేవోణ్ణి. ముందల ఏటి జరిగినా అందరికంటే ఆఖర్న తెలిసేది నాకే. బండి ఆగిపోతాది. దిగి, రాళ్ల మీద నడుసుకుంటూ ఇంజను దాకా ఎల్తే అప్పటికే అంతా అయిపోయుంటాది. సర్వీసంతా అలగే గడిసిపోనాది. ఆదివారం ఆ మూడు గంటలే, జరగబోయేది నాకు ముందు తెలుస్తాది. తెలిసి కూడా సూస్తూ కూకోమంతావేటి?"

నేను అక్కడికే కరిగిపోయాను. రూతమ్మ కరగలేదు.

"నేను వార్డులో రోజూ చూసేది అదే బాబాయి గారూ. అక్కడ నాకు పుస్తకం మార్చడం కుదరదు. చిలకమ్మ గెలిచినప్పుడల్లా నిజంగా గెలిచిందనుకుని ఆ సంతోషం మీద వారమంతా నడిచేదాన్ని. అది మీరు పెట్టిన ముష్టని ఇప్పుడు తెలిసింది. మీరు కొత్త పుస్తకం తెస్తే నేను మరి రాను. చిలకమ్మని మీరే ఉంచుకోండి."

బండి కూత వేసింది. ఆయన ఎక్కాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

ఆవిడ రాకపోతే ఆట లేదు. చిలకమ్మ దీపం బయటికి రాకుండా మేం కదలకూడదు, రూలు ఆయన పెట్టిందే. ఆట లేకపోతే ఆయనకి కిరండూల్‌లో మిగిలేది డ్యూటీ, ఒక గది క్వార్టరు, కిరసనాయిలు స్టవ్వు. నాకు ఆ వారం ఆయన మీద జాలీ కోపమూ సమానంగా ఉన్నాయి. ముత్తయ్యకి కోపమే ఉంది. కోడి విషయంలో మనిషి క్షమించడు.

శనివారం ఆయన బండి దిగాడు. నేను ఆఫీసు కిటికీలోంచి చంక చూశాను. చంకలో పుస్తకం లేదు. చేతిలో తాటాకు బుట్ట ఉంది, అందులో మాడుగుల హల్వా. నేను రూతమ్మకి కబురు పంపాను, "హల్వా తెచ్చాడు, రా" అని.

ఆదివారం మూడింటికి అందరం కూర్చున్నాం. ఆయన కుడి చేతి వాచీకి కీ ఇచ్చాడు. రూతమ్మ అట్టముక్కలు పదీ సంచిలో వేసి, మూతి పట్టుకుని బాగా కుదిపింది. ముత్తయ్య అడ్డం పడ్డాడు.

"దీదీ, చెక్కకు అట్టకు వేళ్లకు ఫరక్ తెల్వదా? ఈయన తడిమి చూసి చెక్కనే తీస్తడు. నువ్వే తియ్యి."

నిజమే. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. రూతమ్మ మొహం మాడిపోయింది. సంచి తన దగ్గరికి లాక్కుంటుందేమో అనుకున్నాను. లాక్కోలేదు. "ఆయనే తియ్యాలి. ఎలా తీస్తారో చూద్దాం" అని సంచి ఆయన ముందుకి తోసింది.

ఆయన చెయ్యి పెట్టాడు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఎప్పుడూ రెప్పపాటులో తీసేవాడు, ఆ రోజు చెయ్యి బయటికి రాలేదు. సంచి లోపల బిళ్లలు కదులుతున్న చప్పుడు వినపడుతోంది. కొండ మీద పేలుళ్ల సైరను మోగింది, ఆగింది. తడుముతున్నాడని మాకు తెలుస్తూనే ఉంది. ముత్తయ్య నా వైపు చూసి, చెప్పలేదా అన్నట్టు కళ్లెగరేశాడు. రూతమ్మ చూపు ఆయన మణికట్టు మీదే ఉంది. నేను ఆ క్షణంలో దేవుణ్ణి ఏం కోరుకోవాలో తెలియక ఊరుకున్నాను.

చెయ్యి వచ్చింది. బల్ల మీద పెట్టింది అట్టముక్క. తొంభై ఏడు.

ఆయన పుస్తకం తెరిచి, ఆ పేజీ తీసి, అక్కడున్నది మొత్తం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పాడు. ఒక్క మాట కూడా మెత్తగా చెయ్యలేదు. రాళ్లు, చీకటి, ఆరిపోయిన దీపం, అంతా చెప్పాడు. తర్వాత లేచి బయట పంపు దగ్గరికి వెళ్లి, ప్యాంటు మడతపెట్టి కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చాడు. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు కడుక్కున్నట్టే. రూతమ్మ ఒక పక్క ఏడుస్తోంది, ఇంకో పక్క ఆ మడతపెట్టిన ప్యాంటు చూసి నవ్వు ఆపుకోలేకపోతోంది. ముత్తయ్య బుట్ట విప్పి అందరికీ హల్వా పెట్టాడు. సంచి తిరిగిచ్చే ముందు అట్టముక్కలు ఏరేశాం, మళ్లీ అందులో వేసిన తొంభై ఏడు మాత్రం ఉండిపోయి, ఆ మరుసటి శనివారం హౌసీలో బయటికి వచ్చి, ఏ చీట్లోనూ లేని అంకె ఎవరు వేశారని ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద గొడవ అయింది.

ఆ తర్వాత ఆయన పుస్తకం మార్చలేదు. మూడేళ్లు, రిటైరయ్యేదాకా నల్ల పుస్తకమే. రూతమ్మ ఇంకో దొంగని రాసుకుంది. ఒకసారి అలవాటయ్యాక గార్డు గారికి కూడా చెయ్యి తిరిగింది. నా ఈతగాణ్ణి నదిలోనే ముంచి చంపాడు. రాజా మాత్రం ముసలిదై మంచాన పడి పోయింది, అది ముత్తయ్య కోరిక.

ఆఖరి డ్యూటీ రోజు ఆయన బండి వెనక పెట్టెకి బంతిపూల దండలు కట్టారు. ప్లాట్‌ఫారం మీద తలా ఒక మాట మాట్లాడారు. రూతమ్మ ఎక్కువ మాట్లాడలేదు. "ఈయన నాకు ఎన్నో అబద్ధాలు చెప్పారు. ఒక్క రోజు మాత్రం నిఖార్సుగా నడుచుకున్నారు. ఆ ఒక్క రోజు కోసమే మూడేళ్లు ఈయన బల్ల దగ్గర కూర్చున్నాను" అంది. ఏ రోజో తెలియనివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

నేను ఆయన ఇనప పెట్టె ఎత్తి, బండి ఆఖరున గార్డు కూర్చునే బ్రేకు వ్యానులో పెట్టడానికి ఎక్కాను. ఇద్దరమే ఉన్నాం. మూడేళ్లుగా అడగాలనుకుని అడగనిది అడిగాను.

"ఆ రోజు అంతసేపు తడిమారు కదా. మరి అట్టముక్క ఎలా వచ్చింది?"

ఆయన జెండాలు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"అట్టముక్కలు అడుక్కి పోనాయి బావూ. ఎతకడానికి అంతసేపు పట్టింది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"సెక్క తీస్తే సిస్టరమ్మ నమ్ముతాదేటి? ముత్తయ్య ముందే అనీసేడు. తొంభై సెక్కల్లో ఏది వొచ్చినా, తడిమి తీసేననే అంటారు. చిలకమ్మ బతికేది, సిస్టరమ్మ ఎల్లిపోయేది. ఇద్దర్లో ఒకల్నే ఉంచుకోవాల" అన్నాడు. జెండాలు చంకలో పెట్టుకుని, "సెప్పకు. న్యాయంగా పోయిందనుకోనీ" అన్నాడు.

నేను దిగాను. ఆయన పచ్చ జెండా ఊపాడు, బండి కదిలింది. రూతమ్మ నా పక్కకి వచ్చి, "ఏమన్నారు?" అని అడిగింది. పెట్టె జాగ్రత్తగా పెట్టమన్నారని చెప్పాను.

ఇప్పుడు ఇది చదివితే ఆవిడకి తెలిసిపోతుంది. తిట్టుకోవాలంటే నన్నే తిట్టుకోవాలి. ఆయన ఇంక దొరకడు.